గట్టు పని, ఫోన్ పని, లెక్క పని: రొయ్యల చెరువు మనిషికి మైక్రోసాఫ్ట్ టు డూ ఎంతవరకు పనికొస్తుంది?

ముందే తేల్చి చెప్పేద్దాం. రెండు మూడు రొయ్యల చెరువులు, రోజంతా మోగే ఫోను, నెలాఖరు లెక్కలు, ఇవన్నీ ఒకే మనిషి నెత్తిన ఉంటే, చేయాల్సిన పనుల జాబితాలు రాసుకునే మైక్రోసాఫ్ట్ టు డూ పనికొచ్చే యాప్. పైసా ఖర్చు లేదు. అయితే దించుకుని అలాగే వదిలేస్తే పది రోజులకే పాత బాకీల చిట్టా అయిపోతుంది: తెరిస్తే ఎర్రగా తారీఖు దాటిన పనులు, తెరవబుద్ధి కాదు. సెట్టింగుల్లో రెండు మార్చాలి. పనుల్ని తారీఖు వరుసలో కాకుండా రకాన్ని బట్టి అల్లుకోవాలి. ఆ అల్లిక యాప్ చేసిపెట్టదు, మనమే చేసుకోవాలి. ఈ సమీక్షలో సగానికి పైగా దాని గురించే.

యాప్ చరిత్ర రెండు ముక్కల్లో. వండర్‌లిస్ట్ అనే జర్మన్ యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొన్నది. 2017లో టు డూ పేరుతో తన సొంతది తెచ్చింది. 2020 మే 6న వండర్‌లిస్ట్‌ను మూసేసింది. ఇప్పుడున్నది ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, బ్రౌజర్ అన్నింట్లో నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా ఒకటి ఉండాలి. గట్టు మీద సిగ్నల్ లేకపోయినా ఫోన్లో పని రాసుకోవచ్చు, టిక్ కొట్టుకోవచ్చు. సిగ్నల్ వచ్చాక తనే కలుపుకుంటుంది. నెల్లూరు జిల్లాలో విడవలూరు, అల్లూరు అవతల సముద్రం వైపు పోతే ఇది చిన్న సుగుణమేమీ కాదు.

ఇక అసలు సంగతి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు గానీ, ప్రకాశంలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గానీ వనామీ రకం రొయ్య వేసిన మనిషి రోజు చూడండి. మేత పూటలు నాలుగు: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. మేత వేసిన గంటన్నర, రెండు గంటలకు చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లెం) ఎత్తి చూడాలి. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూడాలి, ఎందుకంటే రాత్రంతా నాచు, ప్లవకాలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి గనుక పొద్దు పొడిచే ముందే అది అడుగుకు పోతుంది. 4 పీపీఎం కిందికి వచ్చిందంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పెంచాల్సిందే. పీహెచ్ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం 3 ప్రాంతంలో ఒకసారి. రెండింటి తేడా 0.5 దాటితే ఆలోచించాలి. వారానికోసారి విసురువల వేసి సగటు బరువు తీయాలి. ఈ మధ్యలోనే మేత డీలరు, రొయ్య కొనే ఏజెంటు, డీజిల్, ఐస్, కరెంటోళ్లు, లీజు మనిషి. మళ్లీ ఈ మధ్యలోనే బస్తాల లెక్క, కూలీల లెక్క, బ్యాంకు.

వీటిని చెరువు వారీగా విడగొట్టి ‘1వ చెరువు’, ‘2వ చెరువు’ అని జాబితాలు పెట్టడం అందరూ చేసేదే. అది అంతగా కలిసిరాదు. ఏజెంటుతో మాట్లాడేటప్పుడు మూడు చెరువుల రొయ్య గురించీ ఒకే ఫోనులో మాట్లాడతారు, మూడు ఫోన్లు చేయరు గదా. మనిషి బుర్రకు చెరువు మారితే కష్టం లేదు, పని రకం మారితేనే కష్టం. అందుకే జాబితాలు రకం వారీగా ఉండాలి. చాలామందికి మూడు సరిపోతాయి:

గట్టు – కాళ్లు, కళ్లు, చేతులు పనిచేసేవి. ఏరేటర్ రెక్కలు చూడటం, తూము జల్లెడ కడగడం, ప్రోబయాటిక్ చల్లడం, శాంపిల్ తీయడం.

ఫోను – ఇంకో మనిషితో మాట్లాడితే తప్ప కదలనివి.

లెక్క – కూర్చుని అంకెలు చూడాల్సినవి.

నాలుగోది కావాలంటే ‘ఎదురుచూపు’ అని పెట్టుకోండి: ల్యాబుకు ఇచ్చిన పీసీఆర్ (రొయ్య జబ్బు పరీక్ష) శాంపిల్, వస్తానన్న మెకానిక్కు, రావాల్సిన డబ్బు. ఇవి మనం చేసే పనులు కావు, కనుక రోజు జాబితాలోకి రాకూడదు. సాయంత్రం ఒకసారి చూసి, అడగాల్సింది ఏదైనా ఉంటే దాన్ని ‘ఫోను’లోకి జరపాలి.

లెక్క పనిని విడిగా ఎందుకు కాపాడాలో ఒక్క ఉదాహరణ చాలు. 3 లక్షల పిల్ల వదిలిన చెరువు. బతికింది 80 శాతం అనుకుంటే 2,40,000 రొయ్యలు. సగటు బరువు 10 గ్రాములైతే చెరువులో 2,400 కిలోలు. ఆ సైజుకు రోజుకు బరువులో 3.5 శాతం మేత అనుకుంటే 84 కిలోలు, నాలుగు పూటలకు పూటకు 21 కిలోలు. ఇప్పుడు ఏజెంటుతో కౌంట్ బేరం నడిచింది. 80 కౌంట్‌కు ఇంత, 100 కౌంట్‌కు ఇంత అని పావుగంట వాదన. కిలోకు 80 రొయ్యలంటే ఒక్కోటి 12.5 గ్రాములు. ఫోను పెట్టేసి వెంటనే మేత లెక్కకు కూర్చున్న మనిషి 10 గ్రాముల చోట 12 వేసుకున్నాడనుకోండి, రోజు మేత 84 నుంచి 100 కిలోలు దాటుతుంది. పదహారు పదిహేడు కిలోలు ఎక్కువ. ట్రే చూసి ఒకటి రెండు పూటల్లో పట్టుకుంటే సరే. పట్టుకోకపోతే తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, డీవో పడిపోతుంది, డబ్బు ఎటూ పోయిందే. ఆ మనిషికి లెక్క రాక కాదు. రెండు రకాల అంకెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంతే.

రకం మారినప్పుడు పడే ఈ తడబాటును మనస్తత్వశాస్త్రం చాలాకాలంగా కొలుస్తోంది. 1995లో రోజర్స్, మాన్సెల్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో మనుషులకు రెండు రకాల చిన్న పనులు ఇచ్చారు. ఒకటి అంకె సరిసంఖ్యా బేసిసంఖ్యా చెప్పడం, రెండోది అక్షరం అచ్చా హల్లా చెప్పడం. రెండు ఇది, రెండు అది, మళ్లీ రెండు ఇది, అలా వరుసగా. ఎప్పుడు మారుతుందో ముందే తెలిసినా, మారిన వెంటనే వచ్చే మొదటిది ఆలస్యమైంది. సిద్ధపడటానికి కాస్త సమయమిస్తే ఆలస్యం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రెండోదానికి వచ్చేసరికి మనిషి గాడిన పడ్డాడు. ల్యాబులో ఆ నష్టం సెకనులో కొంత భాగమే. గట్టు మీద నుంచి వచ్చి చేతులు కడుక్కుని, కళ్లజోడు వెతుక్కుని, పుస్తకం తెరిచే మనిషికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

దీన్నుంచి జాబితాకు పనికొచ్చే నియమాలు రెండు. మొదటిది: రకాలను ఒకటి విడిచి ఒకటి పేర్చవద్దు, రెండేసి పేర్చండి. గట్టు, ఫోను, గట్టు, ఫోను అంటే ప్రతి పనీ ‘మారిన తర్వాత మొదటిది’ అవుతుంది, ప్రతిదానికీ నష్టమే. గట్టు, గట్టు, లెక్క, లెక్క, ఫోను, ఫోను అంటే నష్టం సగానికే. అలాగని ఆరు లెక్క పనులు వరసగా పెట్టినా మూడోదానికి కళ్లు అలికేస్తాయి, ఈలోగా మేత పూట వచ్చి మధ్యలో తెగుతుంది. రెండోది: ప్రతి జంటలో మొదటిది చిన్నదిగా, తప్పు పోయినా కొంప మునగనిదిగా ఉండాలి. లెక్క జంటలో మొదట ‘నిన్నటి బస్తాలు పుస్తకంలో ఎక్కించడం’, రెండోది ‘మేత లెక్క’. ఫోను జంటలో మొదట డీజిల్, తర్వాత ఏజెంటు. బేరం మాట్లాడే ఫోను ఎప్పుడూ మొదటిది కాకూడదు.

ఇప్పుడు యాప్‌లోకి వద్దాం. టు డూలో ‘మై డే’ అని ఒక పేజీ ఉంది. మిగతా జాబితాల్లో ఉన్న పనుల్ని ఎంచి ఈరోజు పేజీలోకి తెచ్చుకోవచ్చు. అర్ధరాత్రి దాటగానే ఆ పేజీ ఖాళీ అవుతుంది. పనులు పోవు, వాటి జాబితాల్లో అవి ఉంటాయి. పొద్దున బల్బు గుర్తు నొక్కితే నిన్న మిగిలినవి, తారీఖు దగ్గరపడ్డవి సలహాగా చూపిస్తుంది, కావలసినవి ఎంచుకోవచ్చు. రోజూ ఖాళీ అవడం చాలామందికి విసుగు. నిజానికి ఈ యాప్‌లో అన్నిటికంటే మంచి గుణం ఇదే: నిన్నటి వరుస ఈరోజుకు పనికిరాదు, కొత్తగా పేర్చుకోమని కూర్చోబెడుతుంది. ఈ పేర్పు ముందురోజు రాత్రి పెట్టుకోవద్దు. అర్ధరాత్రికి పోతుంది. ఉదయం 6 మేత పూట అయ్యాక, టీ గ్లాసుతో ఐదు నిమిషాలు చాలు.

మై డేలోకి అన్ని జాబితాల పనులూ కలిసి వస్తాయి, రకం చటుక్కున కంటికి ఆనదు. అందుకని పని పేరు మొదట్లోనే ‘గ’, ‘ఫో’, ‘లె’ అని ఒక గుర్తు పెట్టి రాయాలి. హ్యాష్‌ట్యాగ్ సదుపాయం ఉంది, దాన్ని నొక్కితే ఆ ట్యాగున్న పనులన్నీ వస్తాయి. వెతకడానికి బాగుంటుంది గానీ వరుస పేర్చేటప్పుడు ముందక్షరమే సులువు. వేలితో నొక్కి పట్టి పైకీ కిందికీ జరిపితే వరుస మారుతుంది. ఇక్కడే రెండు తంటాలు.

ఒకటి, సెట్టింగుల్లో ‘నక్షత్రం పెట్టిన పనులు పైకి జరుపు’ అనే మీట ఆన్‌లో ఉంటే, నక్షత్రం నొక్కిన మరుక్షణం ఆ పని మన వరుసను చీల్చుకుని పైకెక్కేస్తుంది. మధ్యాహ్నానికి పేర్చిన ఏజెంటు ఫోను ఉదయం లెక్క మీద కూర్చుంటుంది. ఆఫ్ చేయండి. రెండు, ‘ఈరోజు తారీఖున్న పనుల్ని మై డేలో చూపించు’ అనే మీట. ఇది ఆన్‌లో ఉంటే తారీఖు పడ్డ ప్రతిదీ అడగకుండా వచ్చి పడుతుంది, ఎంచుకోవడం అనే మాటే ఉండదు. ఇదీ ఆఫ్. పైన సార్ట్ పెట్టుకున్నా మన వరుస కనబడదు, ఆ ఎంపిక తీసేయాలి.

మేత పూటలను మటుకు ఈ యాప్‌లో పెట్టవద్దు. కారణం సూటిది: ఒక పనికి ఒక్కటే రిమైండర్. మళ్లీ మళ్లీ రావడమంటే రోజుకోసారి, వారానికోసారి, నెలకోసారి, లేదా ఇన్ని రోజులకోసారి. రోజులో నాలుగుసార్లు అనేది లేదు. నాలుగు పూటలు, నాలుగు ట్రేలు, మూడు చెరువులు అంటే ఇరవై నాలుగు పనులు రోజూ పుట్టి రోజూ చావాలి. అదీగాక ఇవాళ్టిది టిక్ కొడితే తప్ప రేపటిది పుట్టదు. ఒక పూట టిక్ మరిచారా, వరుసంతా తప్పుతుంది. మేతకూ ట్రేకూ ఫోన్లో మామూలు గడియారం అలారాలే మేలు. అవి గుంజలు. గుంజకూ గుంజకూ మధ్య దొరికే గంట, గంటన్నరలో ఒక జంట పని. టు డూలో ఉండాల్సింది ఆ జంటలే.

ఒక మామూలు రోజుకు పేర్పు ఇలా ఉంటుంది. 6 మేత తర్వాత గట్టు జంట: తూము జల్లెడ, ఏరేటర్లు. 8కి ట్రే. ట్రేలో ఏం మిగిలిందో కళ్లతో చూశాక, అది మరిచిపోకముందే లెక్క జంట: బస్తాలు, మేత లెక్క. ఆ లెక్క 10 మేతకు అందాలి, కాబట్టి ఇది ఇక్కడే ఉండాలి, సాయంత్రానికి జరపకూడదు. 10 మేత అయ్యాక దుకాణాలు తెరిచి ఉంటాయి గనుక ఫోను జంట. 12కి ట్రే, భోజనం. 2 మేత తర్వాత షెడ్డులో కూర్చుని చేసే లెక్క జంట, ఈసారి కూలీలూ బ్యాంకూ. 3కి పీహెచ్, 4కి ట్రే, అక్కడి నుంచి ఎండ తగ్గుతుంది, మళ్లీ గట్టు. అంటే రోజుకు అయిదు జంటలు, పది పనులు. పదకొండోది రాశారంటే అది రేపటిదే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గట్టు మీద నిలబడలేరు కాబట్టి గట్టు జంటలు రెండూ ఉదయం, సాయంత్రం చివర్లకు పోతాయి. చలికాలం మధ్యాహ్నం కూడా ఒకటి పెట్టొచ్చు.

పని సగంలో ఆగితే? ఇది గట్టు మీద ఎలాగూ జరిగేదే: కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ కాలేదు, లెక్క పుస్తకం వదిలి పరుగెత్తాలి. వదిలేసిన పని బుర్రలో ఒక మూల తిరుగుతూనే ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. 2018లో ఇంకొకరితో కలిసి చేసిన పరిశోధనలో దానికి చిట్కా కూడా చెప్పారు: వదిలే ముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక ఏం చేయాలో ఒక ముక్క రాసుకుంటే ముందున్న పని మీద మనసు బాగా నిలుస్తుంది. టు డూలో ప్రతి పని లోపలా నోట్ రాసే చోటు ఉంది, దానికి ఇదే సరైన వాడకం. ‘2వ చెరువు సగటు బరువు వరకు వేశాను, 3వది మిగిలింది’. పది సెకన్ల పని. తడి చేతులతో టైపు చేయలేకపోతే కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పినా రాసుకుంటుంది. అంకెలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

పని లోపల ‘స్టెప్స్’ అని చిన్న చిన్న మెట్లు రాసుకోవచ్చు. పట్టుబడికి, అంటే రొయ్య పట్టి అమ్మే రోజుకు, ఇవి భలే ఉంటాయి: ఐస్, క్రేట్లు, వల, కూలీలు, కాటా, జనరేటర్ డీజిల్. కానీ మెట్లకు విడిగా తారీఖు, రిమైండర్ ఉండవు. ముందురోజే చెప్పాల్సిన ఐస్, ఇంకా ముందే చేయించాల్సిన యాంటీబయాటిక్ పరీక్ష మెట్టుగా రాస్తే పట్టుబడి రోజు పొద్దున గానీ కనబడవు. ముందు తారీఖు ఉన్న ప్రతిదీ విడి పనిగా రాయాలి. ఆ రోజుకు ఆ రోజు చేసేవే మెట్లు. పట్టుబడి రోజు జంటలూ గింటలూ ఏమీ లేవు. మై డేలో ఆ ఒక్క పని పెట్టుకుని మిగతావి తీసేయండి.

ఇంకో లోటు మన ప్రాంతపు రైతుకే తగులుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య ఎక్కువగా పొర విడుస్తుందని అప్పుడు మినరల్స్ వేయడం, మేత కాస్త తగ్గించడం చెరువుల మీద మామూలు. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. టు డూలో ‘ప్రతి 29 రోజులకు’ అని పెడితే నెలకు అర రోజు చొప్పున ముందుకు జరుగుతుంది, 30 అని పెడితే వెనక్కి. ‘నెలకోసారి’ అంటే మొదటి నెలకే తప్పు. పంట మూడు నాలుగు నెలలే గనుక పంచాంగం దగ్గర పెట్టుకుని ఏడెనిమిది తారీఖులు విడివిడి పనులుగా ఎక్కించడమే దారి. పావుగంట పడుతుంది. ఏ యాప్ తీసుకున్నా ఈ పని తప్పేట్టు లేదు.

రిమైండర్లు మోగడం లేదనే ఫిర్యాదుకు చాలాసార్లు తప్పు యాప్‌ది కాదు, ఫోన్‌ది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ పొదుపు పేరుతో వాడని యాప్‌లను వెనకాల ఆపేస్తారు. సెట్టింగుల్లో యాప్స్, అందులో టు డూ, అందులో బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేకుండా పెట్టాలి. ఆటోస్టార్ట్ అనేది ఉంటే ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి కూడా అడుగుతుంది. మొదటిసారి వద్దని నొక్కేస్తే ఇక చప్పుడే ఉండదు. ఇవన్నీ చేసి, రెండు నిమిషాల తర్వాతకు ఒక రిమైండర్ పెట్టి, స్క్రీన్ ఆపి చూడండి. మోగితే సరే.

గట్టు మీద కుర్రాడితో పంచుకోవడం. ‘గట్టు’ జాబితాను లింకుతో పంపితే అతని ఫోన్లోనూ కనబడుతుంది, పని అతని పేరు మీద వేయొచ్చు, టిక్ కొడితే మనకు తెలుస్తుంది. ఫోను, లెక్క జాబితాలు పంచుకోవద్దు. ఆ లింకు ఎవరి చేతికి పోతే వాళ్లు చేరగలరు, కాబట్టి కుర్రాడు చేరాక కొత్తవాళ్లు చేరకుండా ఆపేయండి. మై డే మాత్రం ఎవరిది వాళ్లదే. మీరు పేర్చిన వరుస అతనికి పోదు. నిజం చెప్పాలంటే చాలా చెరువుల మీద ఈ పంచుకోవడం నిలవదు. కుర్రాడు వాట్సాప్‌లో ట్రే ఫొటో పెట్టి ‘అన్నా, మూడో చెరువులో మేత మిగిలింది, ఈ పూట తగ్గిద్దామా’ అని వాయిస్ పంపుతాడు. ఆ పద్ధతి బాగానే నడుస్తుంటే దాన్ని చెడగొట్టి అతని చేత మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిపించాల్సిన పనిలేదు.

పోటీ యాప్‌ల సంగతి త్వరగా. గూగుల్ టాస్క్స్ ఇంకా తేలిక, జీమెయిల్, క్యాలెండర్‌లో కలిసిపోతుంది. కానీ రోజు పేజీని విడిగా పేర్చుకునే మై డే లాంటిది లేదు, జాబితాను ఇంకొకరితో పంచుకోవడం లేదు. ఒంటరిగా, అయిదారు పనులతో సరిపోయేవాళ్లకు అదే చాలు. టొడోయిస్ట్ అన్నిటికంటే బలమైనది: లేబుళ్లు, వాటి మీద ఫిల్టర్లు ఉన్నాయి. ‘ఫోను’ లేబులు ఉన్న ఈరోజు పనులే చూపించు అంటే చూపిస్తుంది. ఇన్ని గంటలకోసారి అని కూడా పెట్టొచ్చు. తారీఖును మాటల్లో రాయాలంటే మాత్రం తెలుగులో కుదరదు, ఇంగ్లీషులో రాయాలి. ఉచిత ప్లాన్‌లో ప్రాజెక్టులు 5, మనకు తోచిన సమయానికి పెట్టుకునే రిమైండర్లకు డబ్బు కట్టాలి. నెల్లూరు టౌన్లో ఆఫీసులో కూర్చుని పది మంది పనులు నడిపేవాళ్లకు అది తగును. గట్టు మనిషికి అన్ని మీటలు అక్కర్లేదు.

మేత కంపెనీలు జనవరిలో పంచే డైరీని తక్కువ చేయలేం. చెరువు రికార్డుకు, అంటే డీవో, పీహెచ్, మేత కిలోలు, సగటు బరువు రాసుకోవడానికి డైరీయే రాజు. పంట చివర ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పడిందో తీయాలంటే (6,000 కిలోల రొయ్యకు 9,000 కిలోల మేత పడితే 1.5) ఆ పేజీలే దిక్కు. యాప్‌లో టిక్ కొట్టిన పనుల నుంచి అంకెలు ఏరుకోలేం. చేయాల్సినవి యాప్‌లో, చేసినవాటి అంకెలు డైరీలో. రెండూ ఒకచోట పెట్టబోతే రెండూ చెడతాయి.

చెరువులు కాక వేరే పనుల వాళ్లకు? ఒంగోలు, నెల్లూరులో పన్నుల ఆఫీసులకు నెలవారీ రిపీట్ చక్కగా సరిపోతుంది: 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బి. ఒక్క ఏప్రిల్ దగ్గర జాగ్రత్త. మార్చిలో కోసిన టీడీఎస్‌కు గడువు ఏప్రిల్ 30, రిపీట్ మాత్రం 7నే చూపిస్తుంది. గడువు తేదీనే పని తేదీగా పెట్టడం వీళ్లలో తరచూ జరిగే పొరపాటు. క్లయింటుకు బిల్లుల కోసం చేసే ఫోను, ఎంట్రీ, పోర్టల్లో ఎక్కించడం మూడు రకాల పనులు, మూడింటికీ విడి తారీఖులు ఉండాలి. ఎంట్రీ, ఫోను జంటలుగా అల్లుకోవచ్చు. 20వ తేదీన పోర్టల్ పనిని దేనితోనూ అల్లకండి. ఓటీపీ కోసం ఎదురుచూస్తూ పక్క పని మొదలెడితే రెండూ సగంలో ఉంటాయి.

పొగాకు క్యూరింగ్ నడుస్తున్న బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గరైతే ఈ యాప్ జేబులోనే ఉండనివ్వండి. ఆకు పసుపు తిరగడం, రంగు నిలవడం, ఆకు ఆరడం, ఈనె ఆరడం, దశ దశకూ వేడి మార్చుకుంటూ పోవాలి. మంట మీద కన్ను తీసి ఫోను బేరాలకు దిగితే రంగు పోతుంది, రంగు పోతే వేలంలో గ్రేడు పోతుంది. అల్లిక అన్ని చోట్లా మంచిది కాదు. ఒక పని మనిషిని మొత్తంగా అడిగినప్పుడు ఇచ్చేయడమే.

టు డూ వాడాలని నిర్ణయించుకున్న చెరువు మనిషికి చివరిగా ఒక ఏర్పాటు. జాబితాకు నకలు తీసే సదుపాయం ఉంది. పంటకు కావలసినవన్నీ, అంటే చెరువు ఎండగట్టడం, సున్నం, నీరు పెట్టడం, బ్లీచింగ్, పిల్లకు పీసీఆర్, పిల్ల వదలడం, వారవారీ శాంపిళ్లు, పట్టుబడి దాకా, ‘పంట మూస’ అనే ఒక జాబితాలో ఒక్కసారి రాసిపెట్టుకోండి. అందులో తారీఖులు వేయవద్దు. కొత్త పంట మొదలైనప్పుడు దానికి నకలు తీసి, పిల్ల వదిలిన రోజును ఒకటో రోజుగా లెక్కించి తారీఖులు వేసుకుంటూ పోవాలి. శాంపిళ్లను వారవారీ రిపీట్‌గా ఒకే పని పెట్టవచ్చు, మొదటిది ముప్పయ్యో రోజు దాటాక మొదలయ్యేలా. అంతకు ముందు విసురువలకు చిక్కేంత సైజు ఎలాగూ ఉండదు.